ఆదివారం ఖరీదు

నస్పూర్ కాలనీలో ఆదివారం ఆరాధనకు వెళ్లేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పాటలు మొదలయ్యేసరికి మందిరంలో స్త్రీల వైపు, పిల్లల వైపు నిండిపోతుంది. పురుషుల వైపు మాత్రం అక్కడక్కడా ఖాళీలు కనిపిస్తాయి. కొందరు నైట్ షిఫ్టు దిగి వచ్చి నిద్రలో ఉంటారు. ఇంకొందరు ప్లే డే చేయడానికి బాయి మీదికి వెళ్లి ఉంటారు. సెలవు రోజున చేసే డ్యూటీకి బొగ్గు గనుల్లో ప్లే డే అని పేరు. ఆ రోజు మస్టరు పడితే మామూలు రోజుకన్నా కూలి ఎక్కువ. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, ఆడపిల్ల పెళ్లి... ఆ ఒక్క రోజు కూలి కోసం ఎదురుచూసే అవసరాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

అందుకే శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని ప్రాంతాల సంఘాలలో ఒక ప్రశ్న ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. విశ్వాసి ఆదివారం డ్యూటీకి వెళ్లవచ్చా? వెళ్లకూడదని ఒకరంటారు, ఇల్లు గడవాలి కదా అని మరొకరంటారు. మాటా మాటా పెరిగి అన్నదమ్ముల్లాంటి విశ్వాసుల మనసులు విరిగిన సందర్భాలూ లేకపోలేదు. ఈ వారం మేము ఆ ప్రశ్నకు తీర్పు చెప్పబోవడం లేదు. ఆదివారం కోసం ఎంతో విలువైనదాన్ని వదులుకున్న ఒక మనిషి జీవితాన్ని మీ ముందు ఉంచాలనుకుంటున్నాం. ఆయన పేరు ఎరిక్ లిడెల్. ఆయన కథలో సగం మన ప్రసంగాలలో చాలాసార్లు విన్నదే. మిగిలిన సగం మనం అంతగా వినలేదు.

ఎరిక్ 1902 జనవరి 16న చైనాలోని తియెన్‌త్సిన్ నగరంలో పుట్టాడు. దాన్నే ఇప్పుడు తియాంజిన్ అంటున్నారు. తల్లిదండ్రులు స్కాట్లాండ్ దేశస్థులు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున చైనాలో సేవ చేసేవారు. ఈ సొసైటీ మనకు కొత్తది కాదు. 1805లో విశాఖపట్నంలో సేవ మొదలుపెట్టి, తరువాత కడప, గుత్తి ప్రాంతాలలో తెలుగువారికి సువార్తను, చదువును అందించినది ఈ సొసైటీయే.

ఎరిక్‌కు ఆరేళ్లు నిండాక అతన్నీ అన్న రాబ్‌నూ లండన్‌లో మిషనరీల కొడుకుల కోసం నడిచే ఎల్తామ్ కళాశాల అనే హాస్టలు బడిలో చేర్చారు. తండ్రి, ఆ తరువాత తల్లి చైనాకు తిరిగి వెళ్లిపోయారు. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ పిల్లలకు అమ్మానాన్నలు ఉత్తరాలలోనే దొరికారు. చిన్న వయసులోనే హాస్టలులో పెరిగినవారికి ఆ ఒంటరితనం ఏమిటో తెలుస్తుంది. అయితే ఆ బడిలోనే ఎరిక్‌కు ఆటలు అబ్బాయి. క్రికెట్ జట్టుకు, రగ్బీ జట్టుకు కూడా అతనే కెప్టెన్ అయ్యాడు.

రగ్బీ మన ప్రాంతంలో పెద్దగా కనిపించే ఆట కాదు. ఒక్కో జట్టులో పదిహేను మంది ఉంటారు. బంతి గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేతుల్లో పట్టుకుని పరుగెత్తి, ఎదుటి జట్టు గీత దాటి నేలకు ఆనించాలి. చేత్తో అందించాలంటే వెనక ఉన్నవాడికే గాని ముందున్నవాడికి విసరకూడదు. ఎదుటి ఆటగాళ్లు మీదపడి నేలకు పడగొడతారు. కబడ్డీ ఆడినవారికి అందులోని మోటుతనం, మెలకువ రెండూ తేలిగ్గానే అర్థమవుతాయి. మైదానం అంచున నిలబడి, బంతి అందగానే దూసుకుపోయేవాణ్ణి వింగ్ ఆటగాడు అంటారు. జట్టులో అందరికన్నా వేగం గలవాడికే ఆ చోటు ఇస్తారు. ఎరిక్ చోటు అదే.

1920లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సు చదవడానికి చేరిన ఎరిక్ రెండేళ్లు తిరగకుండానే స్కాట్లాండ్ జాతీయ జట్టుకు ఎంపికయ్యాడు. 1922 జనవరి 2న పారిస్ పక్కనే ఉన్న కొలోంబ్ మైదానంలో ఫ్రాన్స్ మీద తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు. ఆట 3-3తో సమానంగా ముగిసింది. 1922, 1923 సంవత్సరాలలో కలిపి దేశం తరఫున 7 మ్యాచ్‌లు ఆడి 4 ట్రైలు సాధించాడు. ఆ ఏడింటిలో స్కాట్లాండ్ ఓడిపోయింది ఇంగ్లాండ్ మీద ఆడిన చివరి మ్యాచ్ ఒక్కటే. 1923లో వేల్స్ మీద కార్డిఫ్‌లో గెలిచిన ఆటను స్కాట్లాండ్ ప్రజలు చాలాకాలం చెప్పుకున్నారు. 1890 తరువాత అక్కడ వారికి అదే తొలి గెలుపు. వేల్స్ అంటే బొగ్గు గనుల దేశం. గనిలో వారమంతా పనిచేసి, శనివారం రగ్బీ చూడటానికి కదిలివచ్చే జనం వారు.

ఎరిక్ పేరు పత్రికలలో మారుమోగుతున్న ఆ రోజులలోనే అతని జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. అది ఆటస్థలంలో కాదు, ఒక గనికార్మికుల ఊరిలో. స్కాట్లాండ్‌లోని ఆర్మడేల్‌లో కొందరు విద్యార్థి సువార్తికులు కూటాలు పెట్టారు. పగలంతా గనులలో, కొలుములలో కష్టపడే మగవాళ్లు ఆ కూటాల వైపు తొంగిచూడలేదు. రగ్బీ వీరుడు వస్తే వింటారేమోనని డి.పి. థామ్సన్ అనే యువ సువార్తికుడు ఎడిన్‌బరోకు వెళ్లి ఎరిక్‌ను అడిగాడు. ఎరిక్ స్వతహాగా బిడియస్తుడు. అంతవరకు జనం ముందు తన విశ్వాసం గురించి మాట్లాడి ఎరుగడు. కాసేపు తలవంచుకుని ఆలోచించి, వస్తానన్నాడు.

1923 ఏప్రిల్ 6న ఆర్మడేల్‌లో దాదాపు 80 మంది మగవాళ్ల ముందు ఎరిక్ తొలి సాక్ష్యం చెప్పాడు. అందులో వాగ్ధాటి లేదు, గొంతు పెంచడం లేదు. దేవుడు తనకు ఏమయ్యాడో పక్కవాడితో మాట్లాడినట్టు చెప్పి కూర్చున్నాడు. మరుసటి రోజు ఆ వార్త స్కాట్లాండ్ పత్రికలన్నిటిలో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 21. ఆయన సాక్ష్యాన్ని మొట్టమొదట విన్నది బొగ్గు మసి అంటిన చేతులవారేనన్న సంగతి మన ప్రాంత విశ్వాసులు గుర్తుంచుకోదగ్గది.

ఆ ఏడాదే ఎరిక్ రగ్బీకి స్వస్తి చెప్పి పరుగుపందేల మీద దృష్టి పెట్టాడు. 1923 జూలైలో బ్రిటన్ పోటీలలో 100 గజాల దూరాన్ని 9.7 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పాడు. ఆ నెలలోనే స్టోక్ పట్టణంలో జరిగిన 440 గజాల పందెంలో మొదట్లోనే ఎవరో తగిలి కిందపడ్డాడు. లేచేసరికి మిగిలినవారు ఎంతో ముందుకు వెళ్లిపోయారు. అయినా పరుగెత్తి అందరినీ దాటి గెలిచి, గీత దగ్గర కుప్పకూలాడు.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం ఎరిక్‌దేనని బ్రిటన్ అంతా నమ్మింది. అయితే పోటీల పట్టిక కొన్ని నెలల ముందే బయటికి వచ్చింది. 100 మీటర్ల తొలి దశ పోటీలు జూలై 6న, ఆదివారం. ఎరిక్ తాను పరుగెత్తనన్నాడు. ఆదివారం పడిన రెండు రిలే పందేలనూ వదులుకున్నాడు. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఈ సంగతి ఆయనకు ఓడ ఎక్కుతుండగా తెలిసినట్టు చూపించారు. నిజానికి ఆయన నెలల తరబడి ఆ నిర్ణయంతోనే బతికాడు. దేశానికి ద్రోహం చేస్తున్నాడన్న మాటలు పడ్డాడు. అయినా ఎదురు మాట్లాడలేదు. ఆదివారం పరుగెత్తిన తోటి ఆటగాళ్లను వేలెత్తి చూపలేదు.

ఆ ఆదివారం ఆయన పారిస్‌లోని స్కాట్లాండ్ వారి చర్చిలో ప్రసంగించాడు. జూలై 9న 200 మీటర్లలో కాంస్యం గెలిచాడు. జూలై 11, శుక్రవారం నాడు, తనకు అంతగా అలవాటు లేని 400 మీటర్ల ఫైనల్‌లో అన్నిటికన్నా బయటి వరుసలో నిలబడ్డాడు. 47.6 సెకన్లలో గీత దాటి ఒలింపిక్ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఆ మైదానం కొలోంబ్. రెండున్నరేళ్ల క్రితం ఆయన స్కాట్లాండ్ రంగుల్లో తొలి రగ్బీ మ్యాచ్ ఆడిన చోటే.

చాలా ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి. దేవుని కోసం ఒక పతకం వదిలితే దేవుడు మరో పతకం ఇచ్చాడని చెప్పి ముగిస్తారు. మేము కూడా అలా చెప్పినవారమే. కానీ ఆలోచించి చూస్తే ఆ ముగింపు మన బాయి కార్మికుడికి న్యాయం చేయదు. ప్లే డే వదులుకుని మందిరానికి వచ్చినవాడికి శుక్రవారం నాడు స్వర్ణ పతకం రాదు. నెలాఖరున జీతం తగ్గి వస్తుంది, అంతే. దేవుడేమీ ఇచ్చిపుచ్చుకునే వ్యాపారి కాడు. ఆదివారం వద్దని చెప్పిన నాడు ఎరిక్‌కు కూడా 400 మీటర్లలో గెలుస్తానన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఓడిపోయినా ఆయన నిర్ణయం అదే. అది లాభం చూసుకుని తీసుకున్నది కాదనడానికి ఆయన మిగిలిన జీవితమే సాక్ష్యం.

ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకే పట్టా అందుకున్న ఎరిక్‌ను తోటి విద్యార్థులు భుజాల మీద ఊరేగించారు. కావాలంటే ఆటతోనే పేరు, డబ్బు గడించగలిగేవాడు. ఆయన మాత్రం ఏడాదిపాటు వేదాంత విద్య చదివి, 1925లో చైనా వెళ్లిపోయాడు. తాను పుట్టిన తియెన్‌త్సిన్‌లోనే ఆంగ్లో-చైనీస్ కళాశాలలో సైన్సు బోధించాడు, పిల్లలకు ఆటలు నేర్పాడు. 1932లో బోధకుడిగా అభిషేకం పొందాడు. 1934లో కెనడా మిషనరీల కుమార్తె ఫ్లోరెన్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. పట్రీషియా, హెదర్ అనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు.

1937లో జపాన్ చైనా మీద యుద్ధానికి దిగింది. ఆ రోజులలో పట్టణంలోని ఉద్యోగం వదిలి షియావోచాంగ్ అనే పల్లె ప్రాంతానికి వెళ్లమని మిషన్ ఆయనను కోరింది. అన్న రాబ్ అక్కడి ఆసుపత్రిలో వైద్యుడు. కుటుంబాన్ని నగరంలో వదిలి, ఊరూరా సైకిలు మీద, కాలినడకన తిరిగే పని అది. ఒకవైపు జపాన్ సైన్యం, ఇంకోవైపు చైనా దళాలు, మధ్యలో బందిపోట్లు. ఒకసారి ఒక పాడుబడ్డ గుడిలో గాయపడిన మనిషి పడి ఉన్నాడని, సైనికులకు భయపడి ఎవరూ ముట్టుకోవడం లేదని తెలిసింది. ఎరిక్ బండి తీసుకుని వెళ్లాడు. దారిలో మెడ మీద కత్తి వేటు పడి చావుబతుకుల మధ్య ఉన్న మరొకణ్ణి కూడా ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు. మొదటివాడు దక్కలేదు. రెండోవాడు బతికాడు. ఆ మనిషి చిత్రకారుడు. తరువాత ప్రభువును నమ్ముకుని, పువ్వుల బొమ్మ గీసి ఎరిక్‌కు కానుకగా ఇచ్చాడు.

1941 నాటికి పరిస్థితి మరీ విషమించింది. గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు పిల్లలను ఎరిక్ ఓడ ఎక్కించి కెనడా పంపించాడు. పని ముగించుకుని తానూ వస్తాననుకున్నాడు. ఆ సెప్టెంబరులో మూడో కూతురు మౌరీన్ పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు. 1943 మార్చిలో జపాన్ సైన్యం ఎరిక్‌ను, ఇతర విదేశీయులను వైషియన్ అనే చోట నిర్బంధ శిబిరానికి తరలించింది. ఒకప్పటి మిషన్ ప్రాంగణమే ఆ శిబిరం. ఎత్తైన గోడలు, కాపలా బురుజులు. పదిహేను వందలకు పైగా మనుషులు ఒకే ఆవరణలో బతకాలి. తిండి తక్కువ, నీళ్లు చేదుకోవాలి. చలికాలంలో బొగ్గు పొడిని మట్టితో కలిపి ముద్దలు చేసి, ఎండబెట్టి కాల్చుకోవాలి. ఒలింపిక్ విజేత అక్కడ వృద్ధుల కోసం నీళ్ల బకెట్లు, బొగ్గు బకెట్లు మోశాడు.

ఆ శిబిరంలో ఒక మిషన్ బడికి చెందిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఎక్కడో దూరాన ఉండిపోయారు. చిన్నతనంలో తాను పడిన ఒంటరితనమే ఎరిక్‌కు వారిలో కనిపించి ఉంటుంది. వారికి సైన్సు చెప్పాడు, బైబిలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. విరిగిన హాకీ కర్రలకు తన దుప్పట్లు చింపి కట్లు కట్టాడు. పిల్లలందరికీ ఆయన ఎరిక్ మామయ్య.

మనం అంతగా వినని సగం ఇక్కడే ఉంది. వారమంతా పిల్లల ఆటలకు ఎరిక్ రిఫరీగా ఉండేవాడు. ఆదివారం మాత్రం ఉండేవాడు కాదు. పారిస్‌లో పాటించిన నియమాన్నే శిబిరంలోనూ పాటించాడు. పెద్ద పిల్లలకు అది నచ్చలేదు. ఒక ఆదివారం వారంతట వారే హాకీ ఆడారు. రిఫరీ లేని ఆట కాసేపటికే కొట్లాటగా మారింది. ఎరిక్ ఆ సంగతి విన్నాడు, బాగా ఆలోచించాడు. మరుసటి ఆదివారం మైదానంలో రిఫరీగా నిలబడ్డాడు.

బంగారు పతకం కోసం ఆదివారాన్ని వదలని మనిషి, తల్లిదండ్రులకు దూరమై గోడల మధ్య చిక్కుకున్న పిల్లలు కొట్టుకోకుండా ఉండటానికి ఆదివారాన్ని వారికి ఇచ్చాడు. ఆయన విశ్వాసం సడలిందని కొందరు అనుకోవచ్చు. మాకు అలా అనిపించదు. పారిస్‌లో ఆదివారం ఖరీదు ఆయనే కట్టాడు. పోయిన పతకం ఆయనది, పడిన మాటలు ఆయనవి. శిబిరంలో మాత్రం ఆయన నియమానికి ఖరీదు పిల్లలు కడుతున్నారు. అది గమనించిన రోజున ఆయన నియమాన్ని పక్కన పెట్టి పిల్లల పక్కన నిలబడ్డాడు. విశ్రాంతి దినాన గుంటలో పడిన గొర్రె గురించి ప్రభువు అడిగిన ప్రశ్నను ఆయన అర్థం చేసుకున్నాడని మేము నమ్ముతున్నాం.

ఆ శిబిరంలోనే ఎరిక్ శత్రువుల కోసం ప్రార్థించడం నేర్పాడు. స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే కుర్రవాడికి చలిలో వేసుకోవడానికి సరైన బూట్లు లేకపోతే తన పాత పరుగు బూట్లను బాగుచేసి ఇచ్చాడు. తమను బంధించిన జపాన్ వారి కోసం ప్రార్థించడం ఎరిక్ దగ్గర నేర్చుకున్న ఆ కుర్రవాడు యుద్ధం తరువాత మిషనరీగా జపాన్‌కే వెళ్లాడు.

ఎరిక్‌కు కొంతకాలంగా తలనొప్పులు ఎక్కువయ్యాయి. పని ఒత్తిడి అనుకున్నారు. నిజానికి అది మెదడులో గడ్డ. 1945 ఫిబ్రవరి 21న ఆయన కన్నుమూశాడు. వయసు 43. ఆ శిబిరానికి విడుదల వచ్చింది ఆగస్టు 17న. ఆరు నెలలైనా గడవలేదు. భార్యకు ఆ కబురు మే నెలలో గాని చేరలేదు. సమాధి మీద ఒక చెక్క శిలువ నిలిపి, దాని మీద బూట్ పాలిష్‌తో పేరు రాశారు. కాలక్రమంలో ఆ చోటు కూడా మరుగున పడింది. 1989లో దాన్ని మళ్లీ గుర్తించి, 1991లో స్కాట్లాండ్ నుంచి తెచ్చిన గ్రానైట్ రాయితో స్మారకం నిలిపారు.

ఇక మన నస్పూర్‌కు వద్దాం. అండర్‌గ్రౌండ్ గనిలో ఆదివారం నాడు కూడా నీరు ఊరుతూనే ఉంటుంది. పంపు నడవాలి. గాలి ఆడించే ఫ్యాను ఆగితే విషవాయువు పేరుకుంటుంది. ఆ డ్యూటీకి వెళ్లిన విశ్వాసి సోమవారం దిగబోయే వందల మంది ప్రాణాలను కాపాడుతున్నాడు. ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ చేసే నర్సమ్మ సంగతీ అంతే. వారి ఖాళీ కుర్చీ చూసి పెదవి విరిచే హక్కు మనకు లేదు.

అయితే ఎరిక్ జీవితం మరోవైపు వారినీ అడుగుతుంది. ఇంట్లో ఇబ్బంది లేకపోయినా, కేవలం నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ప్రతి ప్లే డేకీ వెళ్లేవాళ్లు ఆ ఖరీదు ఎవరు కడుతున్నారో చూసుకోవాలి. వారంలో ఒక్క రోజైనా నాన్న పక్కన కూర్చోవాలనుకునే పిల్లలు కడుతున్నారా? విశ్రాంతి లేక అరిగిపోతున్న ఒళ్లు కడుతోందా? మందిరానికి క్రమం తప్పకుండా వచ్చే మనలాంటివారిని కూడా అదే ప్రశ్న అడగాలి. మన ఆదివారానికి మనం ఏమి చెల్లించాం? తెల్లబట్టలు వేసుకుని ముందు వరుసలో కూర్చోవడానికి మనకేమీ ఖర్చు కాలేదు. అప్పు తీర్చడానికి షిఫ్టులోకి దిగిన సోదరుణ్ణి తక్కువ చేసి మాట్లాడితే, మన భక్తికి ఖరీదు అతని చేత కట్టిస్తున్నట్టే.

వచ్చే ఆదివారం మందిరంలో ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే, అది ఎవరిదో కనుక్కుందాం. షిఫ్టు దిగి వచ్చాక సాయంత్రం ఆ ఇంటికి వెళ్దాం. అప్పు కోసమే అతను వెళ్తున్నట్టు తెలిస్తే సంఘంగా ఏమి చేయగలమో పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఉదయం రాలేనివారి కోసం సాయంత్రం ఒక కూటం పెట్టవచ్చు. దానివల్ల మన సాయంత్రం పోతుంది, విశ్రాంతి తగ్గుతుంది. ఆ మాత్రం ఖరీదు మనమే కడదాం.